ఏఐ చేసిన స్లైడ్లను చెవితో సరిచూసుకోవడం ఎలా

కళ్లు కనపడని మనలాంటివాళ్లకు పవర్‌పాయింట్ అంటే మొదట్నుంచీ కొంచెం బెరుకే. వర్డ్‌లో విన్నదే పేజీ మీద ఉంటుంది, ఎక్సెల్‌లో ఏ గడిలో ఉన్నామో చెప్తుంది, స్లైడ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం చెవికి వినపడేది ఒకటి, తెర మీద కనపడేది ఇంకొకటి. ఇప్పుడు ఏఐ వచ్చి, ఒక్క లైను చెప్పండి చాలు, పది స్లైడ్లు నేనే చేసిపెడతాను అంటోంది. నిజంగానే చేస్తుంది, టీ చల్లారేలోపు చేసేస్తుంది. ఆ పది స్లైడ్ల మీద ఏముందో చూడకుండా జనం ముందు నిలబడాల్సింది మాత్రం మనమే.

నా సంగతి చెప్తా. ఒంగోలులో సోషల్ టీచర్ల సమావేశంలో ఒంగోలు గిత్త గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక ఏఐతో (పేరెందుకు లెండి) స్లైడ్లు చేయించా, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో మొదట్నుంచి చివరిదాకా విన్నా, ఒక్క తప్పు లేదు. రెండో స్లైడ్‌కే వెనక బెంచీల్లో నవ్వులు. ఇంటికొచ్చాక కావలి నుంచి వచ్చిన మా మేనల్లుడు ఫైలు తెరిచి చూసి, ‘మామా, ఈ ఆవుకి మూపురమే లేదు మామా, ఒంటి నిండా నల్ల మచ్చలు, పాల ప్యాకెట్ మీద బొమ్మలాగా ఉంది, అదీ టైటిల్ మీదకెక్కి కూర్చుంది’ అన్నాడు. స్క్రీన్ రీడర్ నాకు చెప్పిందల్లా ‘పిక్చర్’ అన్న ఒక్క మాట. ఆ మాట దగ్గర నేను ఆగలేదు, అదీ నా తప్పు.

అప్పట్నుంచి నేను పని చేసే పద్ధతి ఇది. నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ, ఉచితం కాబట్టి ఎక్కువ మంది దగ్గర ఉండేదీ అదే. జాస్, నెరేటర్ లాంటి వేరే స్క్రీన్ రీడర్లు వాడేవాళ్లకు కీలు కొన్ని మారతాయి, వరస మాత్రం ఇదే.

ముందు గొంతు సంగతి తేల్చుకోండి

మన స్లైడ్లలో సగం తెలుగు, సగం ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు గొంతుతో తెలుగు స్లైడ్ విన్నారంటే కొన్ని గొంతులు తెలుగు ముక్కను అసలు పలకకుండా దాటేస్తాయి, స్లైడ్ ఖాళీగా ఉందేమో అనుకుని అదే సంగతి మళ్లీ టైపు చేసే ప్రమాదం ఉంది. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే గొంతుల ప్రోగ్రాం ఈస్పీక్‌లో తెలుగు ఉంది. వినసొంపుగా ఉంటుందని చెప్పను, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది, కానీ ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ తప్పాయో పట్టిస్తుంది. ఎన్‌వీడీఏ+కంట్రోల్+పీ నొక్కితే ప్రొఫైళ్ల కిటికీ వస్తుంది, అక్కడ ‘తెలుగు’ అని ఒక ప్రొఫైల్ చేసుకుని దానికి ఈస్పీక్ తెలుగు గొంతు పెట్టండి, ఇన్‌పుట్ గెశ్చర్స్‌లోకి వెళ్లి ఆ ప్రొఫైల్‌కి ఒక కీ కట్టండి. ఒక్క నొక్కుతో గొంతు మారిపోతుంది. ఎన్‌వీడీఏ కీ అంటే ఇన్సర్ట్, కావాలంటే క్యాప్స్ లాక్‌ని కూడా పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఎవరైనా పాత ఫైలు ఇచ్చి దీన్ని స్లైడ్లు చెయ్యి అంటే, అది అను ఫాంట్లలో కొట్టిందేమో ముందు కనుక్కోండి. అలాంటిదైతే తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది తెలుగు యూనికోడ్ కాదు, స్క్రీన్ రీడర్ ఏవో గుర్తులు చదువుతుంది, ఏఐకి ఇచ్చినా దానికీ అంతే. యూనికోడ్‌లోకి మార్పించుకున్నాకే మొదలుపెట్టండి.

మాటలు ఏఐవి, స్లైడ్లు మనవి

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, మొత్తం స్లైడ్లను ఏఐ చేతికి వదలొద్దు. దానితో మాటలు రాయించుకోండి, ఆ మాటల్ని స్లైడ్లుగా మార్చే పని వర్డ్, పవర్‌పాయింట్ చేస్తాయి. అలా చేస్తే మీకు తెలియని బొమ్మ, గీత, రంగు పెట్టె ఏదీ లోపలికి రాదు. పైగా దీనికి డబ్బు కట్టే ప్లాన్ ఏదీ అక్కర్లేదు, ఉచితంగా దొరికే ఏ చాట్ ఏఐ అయినా సరిపోతుంది.

ఏఐని అడిగేటప్పుడు కొలతలు చెప్పి అడగండి. నేను ఇలా రాస్తాను: ‘ఒంగోలు పశువుల గురించి హైస్కూల్ టీచర్లకు ఏడు స్లైడ్లకు సరిపడా రాయి. ప్రతి స్లైడ్‌కీ ఒక టైటిల్, ఆరు మాటలు దాటకూడదు, ఏ రెండు టైటిళ్లూ ఒకేలా ఉండకూడదు. టైటిల్ కింద నాలుగు లైన్లకు మించొద్దు. నక్షత్రాలు, హాష్ గుర్తులు, ఎమోజీలు, పట్టికలు వద్దు. మామూలు అక్షరాల్లో ఇవ్వు.’ ఆ చివరి రెండు వాక్యాలు మర్చిపోతే ప్రతి లైనుకీ ముందు ‘స్టార్ స్టార్’ వినాల్సి వస్తుంది. టైటిళ్లు వేరువేరుగా ఉండాలని ఎందుకంటే, స్లైడ్ల వరసలో కిందికి పైకి తిరిగేటప్పుడు మనకు వినపడే గుర్తు టైటిలే, మూడు స్లైడ్లకు ‘పరిచయం’ అని ఉంటే ఎక్కడున్నామో మనకే తెలీదు.

చాట్ పేజీలో జవాబు పూర్తయిందో లేదో తెలియడం ఒక తలనొప్పి. సగంలో చదవడం మొదలుపెడితే పేజీ కదులుతూ ఉంటుంది, చదివిందే మళ్లీ చదువుతుంది. కాసేపు ఆగి, ఎన్‌వీడీఏ+స్పేస్ కొట్టి, బాణాలతో పేజీ చదివే బ్రౌజ్ మోడ్‌లోకి వచ్చి, కంట్రోల్+ఎండ్ కొట్టి పైకి రండి. జవాబు కింద కాపీ బటన్ ఉంటుంది, షిఫ్ట్+బీ కొడుతూ పోతే తగులుతుంది. మొత్తాన్ని సెలెక్ట్ చేసుకునే కష్టం తప్పుతుంది.

ఇక్కడే ఆగి రాసింది నిజమా కాదా చూసుకోండి, స్లైడ్లయ్యాక దిద్దడం రెట్టింపు పని. మన జిల్లాల విషయంలో ఏఐ ఎక్కువగా తడబడేది సరిహద్దుల దగ్గర. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువుల సంతతిని ‘నెలోర్’ అంటారు, నెల్లూరు పేరు మీద. అది చూసి ఏఐ ‘ఒంగోలు నెల్లూరు జిల్లాలోని ఒక పట్టణం’ అని ధీమాగా రాసేయగలదు. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉన్నది 1904 దాకా, తర్వాత గుంటూరు జిల్లాలో కలిపారు, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అలాగే నేలపట్టు పక్షుల గురించి అడిగితే నెల్లూరు జిల్లా అంటుంది, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు ఉన్న సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయిందన్న సంగతి పాత రాతల్లో ఉండదు కదా. ఏఐ గొంతులో తడబాటు వినపడదు, తప్పును కూడా ఒప్పు చెప్పినంత నిబ్బరంగా చెప్తుంది, కాబట్టి సంవత్సరం, ఊరు, అంకె వినపడ్డ ప్రతిచోటా ఆగండి.

వర్డ్ నుంచి స్లైడ్లలోకి

సరిచూసిన మాటల్ని వర్డ్‌లో పెట్టండి. ప్రతి టైటిల్ లైను మీద నిలబడి కంట్రోల్+ఆల్ట్+1 కొట్టండి, అది హెడింగ్ 1 అవుతుంది. దాని కింద లైన్లను సెలెక్ట్ చేసి కంట్రోల్+ఆల్ట్+2 కొట్టండి, హెడింగ్ 2. సేవ్ చేసి, వర్డ్‌లో ఆ ఫైలు మూసేయండి, తెరిచి ఉంచితే తీసుకోవడానికి మొరాయించొచ్చు.

పవర్‌పాయింట్‌లో కొత్త ప్రెజెంటేషన్ తెరిచి, ఆల్ట్ నొక్కి వదిలి, హెచ్, తర్వాత ఐ. లేఅవుట్ల జాబితా వస్తుంది. కింది బాణంతో చివరిదాకా పోతే ‘స్లైడ్స్ ఫ్రమ్ అవుట్‌లైన్’ ఉంటుంది, ఎంటర్ కొట్టి మీ వర్డ్ ఫైలు చూపించండి. హెడింగ్ 1 ప్రతిదీ ఒక స్లైడ్ టైటిల్ అవుతుంది, హెడింగ్ 2లు దాని కింద పాయింట్లవుతాయి. మొదటిసారి చేసినప్పుడు ఇంత సులువా అని నాకు నమ్మకం కుదరలేదు.

ఒక్క చిక్కుంది. వర్డ్‌లో హెడింగ్‌కి ఉన్న నీలం రంగు కూడా వెంట వచ్చేస్తుంది, అది మనకు వినపడదు, ముదురు రంగు థీమ్ మీద అక్షరాలు కనపడకుండా పోతాయి. ఎఫ్6 కొడుతూ స్లైడ్ల వరసలోకి వెళ్లి, కంట్రోల్+ఏ తో అన్నీ సెలెక్ట్ చేసి, ఆల్ట్, హెచ్, క్యూ కొట్టండి. అది రీసెట్. అక్షరాలు థీమ్ రంగులోకి, పెట్టెలు వాటి చోట్లలోకి వచ్చేస్తాయి.

పవర్‌పాయింట్‌లోని కోపైలట్‌తో చేసేవాళ్లకు

మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్, ఫ్యామిలీ ప్లాన్లలో 2025 జనవరి నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ కోపైలట్‌ని కలిపారు. ఫ్యామిలీ ప్లాన్‌లో అయితే డబ్బు కట్టిన ఖాతాకే అది వస్తుంది, మిగతావాళ్లకు రాదు, అందుకని బావమరిది ఖాతాలో వాడుకుంటున్నవాళ్లు బటన్ కోసం గంటలు గంటలు వెతక్కండి.

దాన్ని తెరవడానికి రిబ్బన్‌లో వెతుక్కోకుండా ఆల్ట్+క్యూ కొట్టండి, వెతుకుడు పెట్టె వస్తుంది, కోపైలట్ అని ఇంగ్లీషులో టైపు చేసి, కింది బాణం, ఎంటర్. బటన్ల చోట్లు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మారుతుంటాయి, ఈ దారి మారలేదు. పక్కన ఒక పేన్ తెరుచుకుంటుంది. పేన్‌కీ స్లైడ్‌కీ మధ్య తిరగడానికి ఎఫ్6, వెనక్కి షిఫ్ట్+ఎఫ్6. పేన్ లోపల వెబ్ పేజీలో ఉన్నట్టే అనుకోండి, టైపు చేసి ఎంటర్ కొట్టాక ఎన్‌వీడీఏ+స్పేస్‌తో మోడ్ మార్చుకుని బాణాలతో చదవాలి. ఎక్కడున్నారో తెలియకపోతే ఎన్‌వీడీఏ+ట్యాబ్ కొట్టండి, ఇప్పుడు దేని మీద ఉన్నారో చెప్తుంది.

ఏదైనా మార్పు అడిగే ముందు ఎఫ్12 కొట్టి వేరే పేరుతో ఒక కాపీ సేవ్ చేసుకోండి. కంట్రోల్+జెడ్ ఉందిగా అంటారు, అది ఎన్ని మెట్లు వెనక్కి పోయిందో చెవితో లెక్కపెట్టడం కష్టం. ఒకసారికి ఒకే మార్పు అడగండి. ‘మూడో స్లైడ్ తర్వాత మేత గురించి ఒక స్లైడ్ చేర్చు’ అంటే ఏం మారిందో మీరు వెతికి పట్టుకోగలరు, ‘అంతా అందంగా చెయ్యి’ అంటే అది ఎక్కడెక్కడ చెయ్యి పెట్టిందో కనుక్కోవడానికే మధ్యాహ్నం అయిపోతుంది.

కోపైలట్ నిజంగా బాగా పనికొచ్చేది ఇంకో చోట. వేరేవాళ్లు పంపిన నలభై స్లైడ్ల ఫైలు మీటింగ్‌కి పది నిమిషాల ముందు చేతికొస్తుంది చూడండి, అప్పుడు ‘ఇందులో ముఖ్యమైనవి చెప్పు’, ‘ఖర్చుల గురించి ఏ స్లైడ్‌లో ఉంది’ అని అడిగి, అది చెప్పిన స్లైడ్‌కి వెళ్లి స్వయంగా విని ఖాయం చేసుకోవచ్చు. నాకైతే స్లైడ్లు చేయించడం కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

తనిఖీ

ఇది తొందరగా అయ్యే పని కాదు, ఏడు స్లైడ్లకు అరగంట పెట్టుకోండి. స్లైడ్ల వరసలో ఒక స్లైడ్ మీద నిలబడి, ఎఫ్6తో స్లైడ్ లోపలికి వచ్చి ట్యాబ్ కొడుతూ పోండి. ట్యాబ్ ప్రతిసారీ ఒక వస్తువు దగ్గర ఆగుతుంది, టైటిల్, పాయింట్ల పెట్టె, బొమ్మ. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. టైటిలూ పాయింట్లూ కలిపి రెండు ఉండాల్సిన చోట ఐదు తగిలితే, ఆ మూడు ఏమిటో తేలేదాకా ముందుకు పోవద్దు.

వస్తువు మీద ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ కీతో పాటు నంబర్ ప్యాడ్‌లోని డిలీట్ నొక్కండి, ల్యాప్‌టాప్ పద్ధతి పెట్టుకున్నవాళ్లు మామూలు డిలీట్. ఆ వస్తువు స్లైడ్ అంచులకు ఎన్ని పాయింట్ల దూరంలో ఉందో చెప్తుంది. ఇంకో దాని మీదకెక్కితే, స్లైడ్ అంచు దాటి బయటకు పోతే, అదీ ఎన్ని పాయింట్లో చెప్తుంది. అంగుళానికి 72 పాయింట్లు, ఇప్పుడు మామూలుగా వచ్చే వెడల్పు స్లైడ్ 960 పాయింట్ల అడ్డం, 540 నిలువు. ఈ రెండు అంకెలు గుర్తుంటే స్లైడ్ మీ అరచేతిలో ఉన్నట్టే. నా స్లైడ్‌లో ఆవు టైటిల్ మీదకెక్కిన సంగతి ఈ ఒక్క నొక్కుతో ముందే తెలిసేది, అప్పటికి నాకు ఈ కీ తెలీదు. జాగ్రత్త, ఎన్‌వీడీఏ కీ సరిగ్గా పడకుండా డిలీట్ ఒక్కటే పడిందంటే వస్తువే పోతుంది, వెంటనే కంట్రోల్+జెడ్. వస్తువును జరపాలంటే అదే వస్తువు మీద ఉండి బాణాలు కొట్టండి, ఎంత జరిగిందో చెప్తూ ఉంటుంది.

తర్వాత అక్షరాల సైజు. టైటిల్ కింద లైన్లు ఎక్కువైతే పవర్‌పాయింట్ చప్పుడు చేయకుండా అక్షరాల్ని చిన్నవి చేసి పెట్టెలో ఇరికిస్తుంది, మనకు ఎప్పట్లాగే వినపడుతుంది. పెట్టె మీద ఎంటర్ కొట్టి లోపలికెళ్లి ఎన్‌వీడీఏ+ఎఫ్ కొడితే సైజు చెప్తుంది. 18 కంటే తగ్గిందంటే వెనక బెంచీవాళ్లకు కష్టమే, ఆ స్లైడ్‌ని రెండు చేసేయండి. బయటికి రావడానికి ఎస్కేప్.

బొమ్మలు. ‘పిక్చర్’ అని మాత్రమే వినపడితే దానికి వివరణ లేదన్నమాట. షిఫ్ట్+ఎఫ్10 కొట్టి మెనూలో ఆల్ట్ టెక్స్ట్‌లోకి వెళ్లి మీరే రాయండి. అక్కడ ఏఐ సొంతంగా రాసిపెట్టిన వివరణ ఉన్నా దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు, ‘పొలంలో నిలబడ్డ ఆవు’ అని ఉంటుంది, మూపురం ఉందో లేదో అందులో ఉండదు, ఒంగోలు గిత్తకి అసలు సంగతి అదే కదా. బొమ్మ అవసరం లేదనుకుంటే తీసేయండి. నా ఏడు స్లైడ్లలో ఇప్పుడు ఒకే బొమ్మ ఉంటుంది, అదీ తెలిసినవాళ్లు తీసిన ఫోటో.

అన్నీ అయ్యాక ఆల్ట్+క్యూలో ఇంగ్లీషులో యాక్సెసిబిలిటీ అని కొట్టి చెకర్ నడపండి. టైటిల్ లేని స్లైడ్లు, వివరణ లేని బొమ్మలు పట్టిస్తుంది. అబద్ధం రాసి ఉంటే మాత్రం దానికి తెలీదు.

ఇక ఒక్కసారైనా చూపున్న మనిషితో చూపించుకోండి. చూపించి ‘బాగుందా’ అని అడక్కండి, ‘ఆ, బాగుంది’ అంటారు, నా పాత స్లైడ్ల గురించీ అలాగే అన్నారు. ‘ఏ అక్షరం మీదైనా ఏదైనా పడిందా? అక్షరాలు వెనక రంగులో కలిసిపోయాయా? బొమ్మలో ఏముందో నాకు చెప్పు’ అని మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి పదకొండప్పుడు ఎవరూ దొరకలేదంటే ఎఫ్12లో ఫైలు రకాన్ని పీఎన్‌జీగా మార్చి స్లైడ్లను బొమ్మలుగా సేవ్ చేసి, స్లైడ్లు రాయని వేరే ఏఐకి ఒక్కోటి ఇచ్చి అవే ప్రశ్నలు అడగండి. రాసిన ఏఐనే దిద్దమంటే తన పేపర్ తనే దిద్దుకున్నట్టుంటుంది.

హాల్లో

ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకోండి, మీ ల్యాప్‌టాప్ మీరే తీసుకెళ్లండి, అక్కడి కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ ఉంటుందని ఎవరు మాటిచ్చినా సరే. ప్రొజెక్టర్ తగిలించాక విండోస్+పీ కొట్టి డూప్లికేట్ ఎంచుకోండి, మీరు విన్నదీ వాళ్లు చూసేదీ ఒకటే అవుతుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి జనానికి.

ఎఫ్5తో మొదలు. ముందుకు పేజ్ డౌన్, వెనక్కి పేజ్ అప్. స్లైడ్ షో నడుస్తుండగా కంట్రోల్+షిఫ్ట్+ఎస్ కొడితే ఎన్‌వీడీఏ స్లైడ్‌కి బదులు మీరు రాసుకున్న నోట్స్ చదువుతుంది, తెర మీద ఏమీ మారదు. మళ్లీ కొడితే స్లైడ్‌కి వస్తుంది. అందుకని చెప్పాల్సిన మాటల్ని నోట్స్‌లో ముక్కలు ముక్కలుగా, ఒక లైనుకి నాలుగైదు మాటలుగా రాసుకోండి, పెద్ద వాక్యం రాసుకుంటే అది చదవడం అయ్యేదాకా మీరు నోరు మూసుకుని నిలబడాలి.

వెబ్ పేజీల అలవాటుతో బటన్ వెతుకుతూ బీ మాత్రం కొట్టొద్దు. స్లైడ్ షోలో బీ అంటే తెర నల్లగా అయిపోవడం, హాల్లో కరెంటు పోయిందనుకుంటారు. మీ స్క్రీన్ రీడర్ మామూలుగానే మాట్లాడుతూ ఉంటుంది కాబట్టి మీకు వెంటనే తెలీదు. ఉన్నట్టుండి గుసగుసలు వినపడితే ఇంకోసారి బీ కొట్టండి, స్లైడ్ తిరిగొస్తుంది.